తాడుకు బిగువు లేని బండి

నువుక్ తీరం
ఆగస్టు చివర

తాతా,

నువ్వు నన్ను చంపబోయావు.

దీన్ని మెత్తగా రాయడం నాకు చేతకాదు, రాయను కూడా. "కొత్త పిస్టన్ వేశాను, కొత్త రింగులు వేశాను, సిలిండర్ లోపల బోరు చేశాను, ఇక దీని వంక చూడక్కర్లేదు మనవరాలా" అని గొప్పలు చెప్పుకుని, విరిగిన కాలు ఈడ్చుకుంటూ ఆసుపత్రి విమానం ఎక్కి పోయావు. నీ ఆ కొత్త ఇంజిన్ మొన్న ఆటు దిగిన బురద మధ్యలో ప్రాణం విడిచింది. ఎక్కడనుకున్నావు? నాన్నను సముద్రం తీసుకెళ్లిన చోట. ఆయన బండి కూడా అక్కడే కదా ఆగింది!

ముందు బలం తగ్గింది. ఎంత తిప్పినా నాలుగు చక్రాలూ బురదను పిసుకుతున్నాయే గాని కదలవు. తర్వాత ఆగిపోయింది. ఇంజిన్ లేపే తాడు లాగాను. తాడులో బిగువే లేదు తాతా. చేప పడని గాలం లాగినట్టు ఊరికే చేతిలోకి వచ్చేసింది. తల ఎత్తి చూస్తే దూరంగా తెల్లటి గీత. పోటు మొదలైంది. మన పోటు సంగతి నీకు నేను చెప్పాలా? బురద మీద మనిషి పరుగు కన్నా అదే ముందుంటుంది.

బండి వదిలేసి పరిగెత్తుదామనుకున్నాను. దాని మీద నా సంచి ఉంది, అది తడవకూడదు. లాగుతూనే ఉన్నాను. ఇంజిన్ చల్లబడిందేమో, దగ్గి దగ్గి లేచింది. చక్రాల నడుం దాకా నీళ్లలో ఒడ్డు చేరాను. ఇంటికొచ్చి టీ పోసుకుంటే సగం నేల మీదే పోయింది.

అమ్మ తన నాన్న పేరు నీకు పెట్టింది గనక, నువ్వు అమ్మ వీపు మీద ఉన్నప్పటి నుంచీ తమ్ముడివైన నిన్ను తాతా అని పిలుస్తున్నాను. పేరు పెట్టినంత మాత్రాన తాతవైపోవు. ఆ తాత కట్టిన ముడి ఒక్కటీ జారలేదు. మరి నువ్వు బిగించిన నట్ల సంగతేమిటి?

జవాబు రాయి. ఫోన్ చెయ్యకు. ఫోన్ నర్సు గదిలో ఉంది, ఆ నర్సుకి చెవులున్నాయి. మన లిపి మాత్రం ఆవిడకి రాదు.

సియాసి


మాంట్రియల్, ఉత్తరాది రోగుల వసతి గృహం
సెప్టెంబర్ మొదట్లో

మనవరాలా,

నీ ఉత్తరం చదువుతూ మెట్ల మీదే కూలబడ్డాను. చేతికర్ర కింది దాకా దొర్లుకుంటూ పోయింది. కాపలా మనిషి అది పట్టుకొచ్చి "ఎవరు పోయారు?" అన్నాడు. "ఇంకా ఎవరూ పోలేదు" అన్నాను. నాకొచ్చిన ఫ్రెంచి అంతే.

తిట్టు, పడతాను. నా పనిని మాత్రం అనకు. ఆ బోరును గోటితో తడిమి తడిమి చూశాను. రింగును లోపల నిలబెట్టి సందు చూశాకే పిస్టన్‌కు తొడిగాను. అది అంత తొందరగా చావదు.

ఏడవడం ఆపి విను. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. పిస్టన్ పైకి వెళ్లి గాలినీ పెట్రోలునీ గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడునే కంప్రెషన్ అంటాం. తాడు లాగినప్పుడు చేతిని వెనక్కి గుంజేది అదే. నీకది లేదంటే నొక్కిన గాలి ఎక్కడో కారిపోతోంది. పైన సిలిండర్ మూత, అదే హెడ్, దాని దగ్గరైనా కారాలి, పక్కన రింగుల దగ్గరైనా కారాలి.

నా ఎర్ర డబ్బాలో ఆ నొక్కుడు కొలిచే గేజి ఉంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో గేజి బిగించు. స్విచ్ ఆపు. ముల్లు ఇక ఎక్కను అనేదాకా తాడు లాగు. నేను బిగించిన రోజు నూట ఇరవై చూపించింది. ఇప్పుడెంతో రాయి.

ఇంకొక్క మాట. బురద అవతల నీకేం పని? ఆ సంచిలో ఏముంది?

పుటులిక్


నువుక్ తీరం
సెప్టెంబర్

తాతా,

పళ్లు ఏరుకోవడానికి వెళ్లాను. సంచిలో పళ్లున్నాయి. చాలా?

నీ గేజి యాభై కూడా దాటలేదు. "అది అంత తొందరగా చావదు" అన్నావుగా, శవం ఎంత చూపిస్తుందో కూడా చెప్పు. నువ్వు అక్కడ గోడకు ఆనుకుని మెత్తటి మంచం మీద కూర్చుని నాకు పాఠాలు చెబుతున్నావు. ఇక్కడ నేను గాలిలో మోకాళ్ల మీద కూర్చుని తాడు లాగుతుంటే, కొట్టు ముందు కూర్చున్న మగాళ్లు "సియాసీ, చేప పడిందా?" అని నవ్వుతున్నారు. ఒక్కడు లేచి రాలేదు.

ఊళ్లో మాంసం బాగా ఉంది, అది ఒక్కటే మంచి కబురు. కారిబూ జింకల మంద ఈసారి నదికి చాలా ఎగువ నుంచి పోయిందట. అయినా అలివా వదల్లేదు. అంత దూరం ఒక్కడే పోయి, ఊరందరికీ పెట్టాడు. నాకు తన తల్లి పేరు ఉంది కదా, అరవై దాటిన ఆ మనిషి పొద్దున్నే వచ్చి "అమ్మా, నీకు పళ్లు సరిగ్గా లేవు, మెత్తటి ముక్క తెచ్చాను" అన్నాడు. నా పళ్లు బాగానే ఉన్నాయి. వాళ్లమ్మకి లేకపోయి ఉంటాయి. తిన్నాను.

నర్సు రెండుసార్లు ఇంటికొచ్చింది, కడుపుతో ఉన్న మియాజి ఎక్కడుందో తెలుసా అని. తెలియదన్నాను.

సియాసి


మాంట్రియల్
సెప్టెంబర్

మనవరాలా,

తాడు లాగేటప్పుడు ఏక్సిలేటర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నావా? పట్టుకోలేదు. పట్టుకోవాలని నేను రాయలేదు గనక నువ్వు పట్టుకోలేదు. గొంతు మూసేసి ఊపిరి పీల్చమంటే ఎవరు పీలుస్తారు? ఇంజిన్‌కి గాలే అందలేదు. మళ్లీ చెయ్యి. ముల్లు ఎంత ఎక్కిందో చూశాక, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి, రెండు మూడుసార్లు తాడు లాగి, మళ్లీ గేజి పెట్టు. ముల్లు పైకి లేస్తే రోగం రింగుల దగ్గర. ఆయిల్ వెళ్లి ఆ సందు కాసేపు మూస్తుందన్నమాట. లేవకపోతే హెడ్ చుట్టూ సబ్బు నీళ్లు పూసి లాగు, బుడగలొస్తే అక్కడ కారుతోంది.

ఇక ఆ పళ్ల సంగతి. మన ఇంటి వెనక కొండంతా పళ్లే. బురద దాటి పోయి పళ్లు ఏరేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఇంజిన్ వేడెక్కి చచ్చేంత దూరం నువ్వు ఒక్కసారి కాదు, చాలాసార్లు పోయి ఉంటావు. మియాజి అవతల ఉంది. అవునా?

ఈ వసతి గృహంలో నా గది పక్క గదిలో మనవాళ్ల ఆడవాళ్లు నలుగురున్నారు. నెలలు నిండకముందే కాన్పుకని ఇక్కడికి పంపేశారు. నొప్పులు రావడం కోసం గోడలు చూస్తూ కూర్చుంటారు. ఒకామె తన ఇంటి తలుపు ఎలా ఉంటుందో రోజూ నాకు వర్ణించి చెబుతుంది, మర్చిపోతానేమోనని భయమట. రాత్రి వాళ్లు ఏడవరు. పగలు టీవీ ముందు ఏడుస్తారు, టీవీ చూసి ఏడుస్తున్నామని చెప్పుకోవచ్చని.

నిజం రాయి. నాకిక్కడ కాలు తప్ప అన్నీ నొప్పిగా ఉన్నాయి.

పుటులిక్


నువుక్ తీరం
సెప్టెంబర్ మూడో వారం

తాతా,

అవును. మియాజి ఇకలులిక్ దగ్గర గుడారంలో ఉంది, భర్త జువానాసితో. చేపలు పట్టడానికి పోయారని ఊరు అనుకుంటోంది. నర్సు చేతికి దొరికితే మరుసటి విమానంలో దక్షిణాదికి పంపేస్తారు. పోయినసారి పంపినప్పుడు ఏమైందో నీకు గుర్తుంది. ఒక్కతే కన్నది. బిడ్డ పోయింది. చూపించలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. "మళ్లీ పంపితే విమానంలోంచి దూకుతాను సియాసీ" అంది. దూకుతుంది. నాకు తెలుసు.

సంచిలో ఉన్నది పళ్లు కాదు, కాన్పు సామాను. నేను మంత్రసానితనం చదివాను. పరీక్ష రాశాను. కాగితం ఉంది. ఆ కాగితం ఇచ్చినవాళ్లే "మీ ఊళ్లో కాన్పులకు ఇంకా అనుమతి లేదు" అన్నారు. మరి నాకెందుకు నేర్పారు, గోడకు తగిలించుకోవడానికా? మన అమ్మమ్మలు మంచుగూళ్లలో కన్నప్పుడు అనుమతి ఎవరిచ్చారు? ప్రమాదం, ప్రమాదం అంటారు. ఏది ప్రమాదం? ఆడదాన్ని భాష తెలియని ఊళ్లో ఒంటరిగా పడెయ్యడం ప్రమాదం కాదా? వాళ్ల లెక్కలో భయం ప్రమాదం కాదు, దుఃఖం ప్రమాదం కాదు. చావు ఒక్కటే, అదీ తమ మీదికి వస్తేనే.

అందుకే ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. ఊళ్లో ఒక్క నోటికి తెలిస్తే పది చెవులకు తెలుస్తుంది.

నీ పరీక్షలు చేశాను. ఏక్సిలేటర్ నొక్కి పట్టుకుంటే డెబ్బై. ఆయిల్ పోశాక నూట పది దాకా లేచింది. సబ్బు నీళ్లకి బుడగలు రాలేదు. అంటే రింగులు. నువ్వు "కొత్త రింగులు" అన్నవి.

మియాజికి నెలలు దగ్గర పడ్డాయి. ఆటు ఉన్న ప్రతిసారీ నేనా బురద దాటాలి. బండి దిగి నడుస్తున్నట్టు, నా అడుగుల్లోకి నీళ్లు వస్తున్నట్టు కల వస్తోంది. కలలో నాన్న ముందు నడుస్తుంటాడు, వెనక్కి తిరగడు. నన్ను చూడనైనా చూడడు తాతా.

నిజం చెప్పు. పాత రింగులు వేశావా?

సియాసి


మాంట్రియల్
సెప్టెంబర్ చివర

మనవరాలా,

నాన్న పోయిన చోటికి నిన్ను పంపే బండికి నేను పాత రింగులు వేస్తానా? ఈ మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది. సరే, రాశావు.

సైలెన్సర్ గొట్టం విప్పు. ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కను చూడు. నేను వేసింది అద్దంలా ఉండాలి.

ఇంకా ఒకటుంది, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. నేను బోరు చేసిన సిలిండర్‌కి, చల్లబరిచే రెక్కల్లో అన్నిటికన్నా కింది దాని మీద, సైలెన్సర్ వైపున, ఉలితో చిన్న చేపను గీస్తాను. నీ సిలిండర్ మీద గీశాను. తడిమి చూడు.

అది తేలేదాకా బురదలోకి దిగకు. ఒట్టు.

పుటులిక్


నువుక్ తీరం
అక్టోబర్ మొదట్లో

తాతా,

పిస్టన్ అద్దంలా లేదు. ఎలుగుబంటి గోళ్లతో గీరినట్టుంది, పై నుంచి కిందిదాకా గోధుమరంగు చారలు.

చేప లేదు. మసి అంతా తుడిచి చూశాను. కింది రెక్కకి ఒక మూల విరిగి ఉంది, అంతే.

ఒట్టు నిలబెట్టుకోలేదు. నిన్న వెళ్లి వచ్చాను. దారిలో రెండుసార్లు ఆపి, చల్లబరిచి, చెవి ఒగ్గి నీళ్ల చప్పుడు వింటూ. బిడ్డ తల కిందికి తిరిగింది. మియాజి "బండి బాగుందా?" అంది. బాగుందన్నాను.

ఇది నీ ఇంజిన్ కాదు కదా?

సియాసి


మాంట్రియల్
అక్టోబర్

మనవరాలా,

కాదు. ఆ రెక్క మూల విరగ్గొట్టింది నేనే, చాలా ఏళ్ల కింద, ఇంకొకరి బండి మీద సుత్తి జారి. ఎవరి బండో నాకు తెలుసు. నీ ఇంజిన్ పైసగం, సిలిండర్, పిస్టన్, హెడ్ అన్నీ తీసుకుని తనవి నీకు పెట్టాడు. నువ్వు వేసవిలో శిక్షణకి పోయి ఊళ్లో లేనప్పుడు అయి ఉంటుంది.

పేరు రాయను. రాస్తే ఈ ఉత్తరం చేతిలో పట్టుకుని వాడి గుమ్మం ముందు నిలబడి అరుస్తావు, తర్వాత బతికినంత కాలం సిగ్గుపడతావు. వాడు దొంగ కాదు. నువ్వే చూసుకో. చేప ఎక్కడ ఉందో వెతుకు.

మియాజి మొదటి బిడ్డ గురించి ఇక్కడ అడిగాను. ఒక గది నుంచి ఇంకో గదికి పంపారు. చివరి గదిలో అమ్మాయి "పాత సంగతులు మాకు తెలియవు" అంది. కర్ర నేలకేసి కొట్టాను. బయటికి పంపించారు.

జాగ్రత్త. నాకు అక్క ఒక్కతే ఉంది.

పుటులిక్


నువుక్ తీరం
అక్టోబర్ చివర, మొదటి మంచు

తాతా,

ఊళ్లో ప్రతి బండి కిందా వంగి చూశాను. "సియాసికి మతిపోయింది, బండ్లని వాసన చూస్తోంది" అని కొట్టు ముందు పెద్ద నవ్వు. నవ్వనీ. నీ చేప దొరికింది. అలివా బండి మీద.

అతను గుమ్మంలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. గొంతు దాకా వచ్చింది తిట్టు.

"కొడకా, ఈ చేప ఎవరిది?"

వంగి చూశాడు. "చేప ఉందా ఇక్కడ? ఎంత బాగుంది! నీదే అయి ఉంటుందమ్మా, ఆ ఇంజిన్ నీదేగా."

"నాది నీ బండిలో ఏం చేస్తోంది?"

"మంద పోతోందమ్మా. నా బండి అంత దూరం లాగదు. నువ్వు ఊళ్లో లేవు. తీసుకున్నాను. నాది నీకు పెట్టాను, వచ్చేసరికి బండి డొల్లగా కనిపిస్తే బాధపడతావని."

"అడగొద్దా? వచ్చాకైనా చెప్పొద్దా?"

అతని మొహం చూడాల్సింది తాతా. నేనేదో పరాయి భాష మాట్లాడినట్టు చూశాడు. "అమ్మ కుండలోంచి తినడానికి కొడుకు అడుగుతాడా? మంచు గట్టిపడ్డాక తిరిగి పెట్టేద్దామనుకున్నాను. కొట్టు దాకా, నర్సు ఇంటి దాకా తిరగడానికి నాది చాలదా అనుకున్నాను. నువ్వు ఎక్కడికి పోతున్నావని?"

బురద దాటుతున్నానని చెప్పాను. అలివా చేతిలో వల జారిపోయింది. నాన్నను వెతకడానికి పోయినవాళ్లలో అతనొకడు. బూటు ఒక్కటే దొరికింది, తెచ్చింది అతనే.

"నాకెవరు చెప్పారమ్మా?" అన్నాడు. "నాకు ఒక్క మాట ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నేనే దాచాను. ఆ ఇంజిన్ తెచ్చిన మాంసం నేనూ తిన్నాను. ఇక ఎవరి మీద అరవాలి?

మేమిద్దరం అక్కడ నిలబడి ఉండగానే జువానాసి బురద దాటి పరిగెత్తుకొచ్చాడు, మోకాళ్ల దాకా బురద. మియాజికి నొప్పులు మొదలయ్యాయి. ఆటు అప్పటికే సగం గడిచింది.

అలివా రెండు బండ్లనీ పక్కపక్కన పెట్టి విప్పేశాడు. జువానాసి గాలికి అడ్డంగా దుప్పటి పట్టుకున్నాడు. సిలిండర్ అడుగున గాలి కారకుండా వేసే గాస్కెట్ చిరిగిపోతే, అలివా భార్య బిస్కట్ల పెట్టె అట్ట తెచ్చింది. కత్తెరతో కోసి గ్రీజు పూసి వేశారు. అతను నట్లు బిగించాక నేను గేజి పెట్టి లాగాను. నూట పదిహేను. నీ మాట నిజం తాతా. నీకు క్షమాపణ చెప్పను, చెబితే నెత్తికెక్కుతావు. అయినా నీ మాట నిజం.

అలివా నా వెనక ఎక్కాడు. అడగలేదు, ఎక్కాడు. జువానాసి ఒడ్డునే ఆగాల్సొచ్చింది. మా వెనక ఇంకో బండి లేదు, రెండింటికీ కలిపి మంచి గుండె ఒక్కటే.

నాన్న చోటు దగ్గర నీటి గుంట దాటుతుంటే ఎగిరిన నీళ్లు ప్లగ్గు మీద పడి బండి ఆగింది.

ఆ నిశ్శబ్దం గురించి నేను రాయలేను. అలివా చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టేసింది. ఇరవై ఏళ్లుగా ఎలుగుబంట్లకి భయపడని చెయ్యి. తెల్లటి గీత కనిపిస్తోంది, చప్పుడు కూడా. ప్లగ్గు తీసి అతనికిచ్చాను, చొక్కా లోపల పెట్టుకుని ఒంటికి రుద్ది ఆరబెట్టాడు. బిగించాను. తాడు పట్టుకోవడానికి భయమేసింది తాతా. బిగువు లేకపోతే? మళ్లీ ఊరికే చేతిలోకి వచ్చేస్తే?

లాగాను. తాడు నా చేతిని వెనక్కి గుంజింది. పెద్ద చేప పడ్డట్టు, చెయ్యి ఊడిపోయేలా. రెండోసారి లాగితే లేచింది. అలివా నా చెవి పక్కనే "అమ్మా, పో, పో, పో" అంటూనే ఉన్నాడు, అవతలి ఒడ్డు వచ్చాక కూడా.

తెల్లారేముందు పుట్టింది. మియాజి గుడారం కర్ర పట్టుకుని మోకాళ్ల మీద కన్నది, మన అమ్మమ్మలాగే. రక్తం ఆగింది. బిడ్డ అరిచింది. నేను బయటికి పోయి మొహం కడుక్కుని లోపలికి వచ్చాను.

పేరు మియాజే పెట్టింది. నాన్న పేరు. కాబట్టి మన నాన్న పుట్టాడు తాతా. ఆడపిల్ల. నాన్నలాగే కుడి కన్ను కాస్త మూసి చూస్తుంది. సముద్రం తీసుకున్నదాన్ని అదే బురద దాటి వెనక్కి తెచ్చుకున్నాం. నువ్వు వచ్చి నాన్నను ఎత్తుకో.

ఊరికి తిరిగొచ్చాక నర్సు కోప్పడింది, తర్వాత బిడ్డను తూచింది, తర్వాత ఏడ్చింది. దక్షిణాది ఆఫీసు మాత్రం ఫోన్‌లో "పుట్టిన చోటు: తెలియదు అని రాయండి" అంది. తెలియదట! అలివాకి తెలుసు, జువానాసికి తెలుసు, కన్నదానికి తెలుసు.

ఎవరి మీద అరవాలి అన్నానుగా, ఆ ఆఫీసువాళ్లు దొరికారు. అలివా చేసింది తప్పు కాదు, అమ్మ బండి కొడుకుది. మంత్రసానికి వేరే బండి లేక ఆ అమ్మ బండే దిక్కవడం తప్పు. నేను దాచడం తప్పు, దాచక తప్పని స్థితి అంతకన్నా పెద్ద తప్పు. కింద రాసింది ఊరంతా వేలిముద్ర వేసి, సంతకం పెట్టి పంపుతున్నాం. నీ కర్ర పట్టుకుని ఆ చివరి గదికి పో. వాళ్ల భాషలో చెప్పించి, గట్టిగా చదివించు. బయటికి పంపితే మళ్లీ లోపలికి పో.

సియాసి

మాకు కావలసినవి:

మా ఆడవాళ్లు మా ఊళ్లో కనాలి. ఎవరినీ బలవంతంగా విమానం ఎక్కించకూడదు.

వెళ్లక తప్పనివాళ్లతో వాళ్ల మనిషి ఒకరు వెళ్లాలి, ఆ ఖర్చు మీదే.

మంత్రసానికి ఊరి ఆరోగ్య కేంద్రం పేరు మీద ఒక బండి కావాలి. దాంతో పాటు ఇంకో సిలిండర్, పిస్టన్, రింగులు, గాస్కెట్లు.

బురద అవతలి ప్రతి గుడారానికీ ఒక రేడియో కావాలి.

మెకానిక్ పుటులిక్‌ని మరుసటి విమానంలో ఇంటికి పంపాలి. కాలు ఇక్కడ కూడా నయమవుతుంది.

మియాజి మొదటి బిడ్డను ఎక్కడ పూడ్చారో రాసి ఇవ్వాలి.

రెండో బిడ్డ కాగితంలో "తెలియదు" కొట్టేసి, పుట్టిన చోటు ఇకలులిక్ అని రాయాలి.